ఇంజన్ నంబరు ఒక్కటే చూస్తే చాలదు

సంపాదకులకు నమస్కారం.

పాత మధ్యశ్రేణి లారీకి పెద్ద ఇంజన్ ఎక్కించడం కొత్త సంగతేమీ కాదు. చాసిస్ గట్టిగానే ఉంది, క్యాబిన్ బాగానే ఉంది, లోడుతో ఎక్కుడు వస్తే మాత్రం బండి ఈడుస్తోంది అనుకున్న యజమాని ముందుగా చేసే ఆలోచన అదే. దాన్ని తప్పుపట్టడానికి ఈ లేఖ రాయడం లేదు. అలా మార్చిన బండి తనిఖీకి వచ్చినప్పుడు ఇంజన్ నంబరు, కాగితాలు, పొగ చూసి పంపేస్తే, చూడాల్సిన వాటిలో సగానికి పైగా వదిలేసినట్టేనని చెప్పడానికే రాస్తున్నాను.

ముందు బ్రేకుల సంగతి. పెట్రోల్ ఇంజన్ తీసి డీజిల్ పెట్టిన బండిలో, పెడల్ తొక్కే బలాన్ని పెంచే బ్రేకు బూస్టర్‌కు వాక్యూమ్ ఎక్కణ్ణుంచి వస్తోందని అడిగేవారు తక్కువ. పెట్రోల్ ఇంజన్‌కైతే అది ఇంటేక్ మానిఫోల్డ్ నుంచి, అంటే గాలి లోపలికి వెళ్ళే గొట్టాల నుంచి వచ్చేది. పాతకాలం మెకానికల్ డీజిల్‌కు సాధారణంగా ఆ గాలిని అడ్డే థ్రాటిల్ ఉండదు కాబట్టి అక్కడ ఆ వాక్యూమ్ పుట్టదు. ఆల్టర్నేటర్ వెనకో, గేర్ కేసు మీదో విడిగా వాక్యూమ్ పంపు ఉండి తీరాలి. ఇది తేల్చడానికి యంత్రాలేమీ అక్కర్లేదు. ఇంజన్ ఆపి, పెడల్ రాయిలా గట్టిపడేదాకా నాలుగైదుసార్లు తొక్కాలి. కాలు తీయకుండా ఇంజన్ స్టార్ట్ చేస్తే పెడల్ కాలి కింద కొద్దిగా దిగాలి. దిగలేదంటే బూస్టర్‌కు వాక్యూమ్ అందడం లేదు, లేదా బూస్టరే పోయింది.

తర్వాత వేగం. నిమిషానికి 2,500 చుట్ల దగ్గర గవర్నర్ ఆపేసే డీజిల్‌ను 6.17 క్రౌన్ పినియన్ (ప్రొపెల్లర్ షాఫ్ట్ 6.17 చుట్లు తిరిగితే చక్రం ఒక చుట్టు తిరిగేది) ఉన్న బండికి పెడితే, టైరు చుట్టుకొలత 3.1 మీటర్లనుకుంటే, డైరెక్ట్ టాప్ గేర్లో గంటకు 75 కిలోమీటర్లు దాటదు. అది చాలక 4.56 వేస్తారు. వేగం 102కు చేరుతుంది. పెరిగింది మూడోవంతే కదా అనిపిస్తుంది గానీ, అదే లోడుతో బండిని ఆపాలంటే బ్రేకు డ్రమ్ములు మింగాల్సిన వేడి 1.8 రెట్లకు పైగా అవుతుంది. డ్రమ్ములు, లైనర్లు మాత్రం పాతవే.

బరువు లెక్క ఇంకొకటి. కమిన్స్ బి సిరీస్‌లో 3.9 లీటర్ల నాలుగు సిలిండర్ల ఇంజన్‌కూ 5.9 లీటర్ల ఆరు సిలిండర్ల ఇంజన్‌కూ బోరు (సిలిండర్ వ్యాసం) 102, స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం) 120 మిల్లీమీటర్లే. అందుకే ఒకటి తీసి ఇంకొకటి పెట్టడం తేలికనిపిస్తుంది. కానీ పెద్దది రెండు సిలిండర్ల మేర పొడవు, బరువు కూడా బాగా ఎక్కువ. ఆ పొడవు ముందు యాక్సిల్ దాటి ముందుకు సాగితే, పెరిగిన బరువుకన్నా ఎక్కువే ముందు యాక్సిల్ మీద పడుతుంది, వెనక తేలికవుతుంది. కమాన్ పట్టీలు, కింగ్ పిన్నులు, స్టీరింగ్ బాక్సు, ముందు టైర్లు అన్నీ దాన్ని మొయ్యాలి. ఇంజన్ అడుగున ఉండే ఆయిల్ ఛాంబర్ యాక్సిల్‌కు తగులుతుందేమో చూడటానికి యాక్సిల్ బీమ్ మీద బంకమట్టి ముద్ద పెట్టి, లోడుతో గతుకుల్లో నడపడం మంచి పద్ధతి. ముద్ద పూర్తిగా నలిగిపోతే మౌంటింగులు మళ్ళీ కట్టాల్సిందే.

ఇక ఇంజన్ తిప్పే బలం, అంటే టార్క్. 350 న్యూటన్ మీటర్ల టార్క్ బదులు 600 వస్తే, 6.5 రేషియో ఉన్న ఫస్ట్ గేర్లో ప్రొపెల్లర్ షాఫ్ట్ మీద పడేది 2,275 నుంచి 3,900కు పెరుగుతుంది. మొదట జారేది క్లచ్. జారుతోందని గట్టి ప్రెషర్ ప్లేటు వేయగానే ఆ దెబ్బ క్రాసులకో, పినియన్ పళ్ళకో, హాఫ్ షాఫ్టుకో తగులుతుంది. ఈ వరసలో దేని సామర్థ్యం ఎంతో రాసివ్వమని తనిఖీలో అడగాలి.

ఇంజన్‌కూ గేర్‌బాక్సుకూ మధ్య క్లచ్‌ను కప్పి ఉండే బెల్ హౌసింగ్ దగ్గర జరిగే తప్పు పైకి కనబడదు. ఎస్‌ఏఈ 2 సైజు హౌసింగ్ ఉన్న ఇంజన్‌కు ఎస్‌ఏఈ 3 సైజు గేర్‌బాక్సు బిగించాలంటే మధ్యలో అడాప్టర్ ప్లేటు వేస్తారు. ప్లేటు 20 మిల్లీమీటర్ల మందం ఉంటే ఇన్‌పుట్ షాఫ్టు అంతమేరా వెనక్కి పోతుంది, దాని కొస ఇంజన్ వైపున్న పైలట్ బేరింగులో సరిగా కూర్చోదు. హౌసింగ్ బోరు కేంద్రం తప్పినా ఇంతే. డయల్ గేజ్ తిప్పి చూస్తే తేడా 0.20 మిల్లీమీటర్లు దాటకూడదు. దాటితే క్లచ్ ప్లేటు హబ్బు పగులుతుంది, గేర్‌బాక్సు ముందు బేరింగు అరుస్తుంది, నింద గేర్‌బాక్సు మీద పడుతుంది.

రేడియేటర్ చాలకపోతే డ్రైవరుకు మీటరే చెబుతుంది కాబట్టి దాని గురించి ఎక్కువ రాయను. చాసిస్ విషయం అలా కాదు. కొత్త క్రాస్ మెంబర్ (అడ్డ దూలం) కోసం చాసిస్ దూలాల పై, కింది అంచుల్లో రంధ్రం వేసినా, వెల్డింగ్ చేసినా బీటలు అక్కడే మొదలవుతాయి. నిలువు భాగంలో రంధ్రం వేసి, 10.9 గ్రేడు బోల్టులతో బిగించారో లేదో టార్చిలైటు వేసి చూస్తే నిమిషంలో తెలిసిపోతుంది.

కాబట్టి అధికారులకు నా విన్నపం ఇది. ఇంజన్ మార్పు దరఖాస్తుకు మార్చకముందూ, మార్చాకా ముందు, వెనక యాక్సిళ్ళను విడివిడిగా తూచిన కాటా చీటీలు జత చేయమనండి. బ్రేకు పరీక్ష ఖాళీ బండి మీద కాకుండా, బండికి అనుమతించిన పూర్తి లోడుతో చేయించండి. ఒకసారి ఆపి చూసి వదిలేయకుండా, వెంటవెంటనే ఆరేడుసార్లు ఆపించి, చివరిసారి ఎంత దూరంలో ఆగిందో కూడా రాయించండి.

— లారీ మరమ్మతు పనిలో ఉన్న ఒక పాఠకుడు