నేను సంతృప్తి పడ్డానని మీకెవరు చెప్పారు? నలిగిన పెల్లెట్స్ ఆర్డర్ గురించి

కస్టమర్ కేర్ హెడ్ గారికి,

"మీ అసౌకర్యానికి చింతిస్తున్నాం" అనే ఆటోమేటిక్ మెయిల్ మాత్రం మళ్లీ పంపకండి. ఈసారి ఎవరైనా మనిషి చదివి జవాబివ్వండి.

మా అమ్మాయి 10 మీటర్ల ఎయిర్ పిస్టల్ నేర్చుకుంటోంది. మ్యాచ్‌లో 60 షాట్లు, కానీ రోజూ ప్రాక్టీస్‌కి అంతకంటే ఎక్కువే పోతాయి, 500 పెల్లెట్స్ (పిస్టల్‌లో వేసే చిన్న సీసపు గుళ్లు) డబ్బా వారం కూడా రాదు. రోజూ పోటీల్లో వాడే ఖరీదైన మ్యాచ్ పెల్లెట్స్ కాల్చే స్తోమత మాకు లేదు. అలాగని మరీ చవకవి కొంటే గ్రూపింగ్ (షాట్లన్నీ ఒకేచోట పడటం) చెదిరిపోతుంది, తప్పు తన చేతిదో పెల్లెట్‌దో పిల్లకి అర్థం కాదు. అందుకే కోచ్ గారు రెండు మూడు రకాలు కాల్పించి, మ్యాచ్ పెల్లెట్ బరువుతోనే ఉండి కాగితం మీద గుండ్రంగా తెగే ఫ్లాట్ హెడ్‌వి, ధరలో మధ్యరకంవి ఎంచి ఇచ్చారు. అవే మీ దగ్గర ఆర్డర్ పెట్టాం. డబ్బాలు తెరిస్తే సగానికి సగం వెనక అంచులు నలిగిపోయి ఉన్నాయి. సీసం మెత్తన, ప్యాకింగ్ సరిగా లేకపోతే అలాగే అవుతుంది, దానికి నాకంత కోపం లేదు. కోపం తర్వాత జరిగినదానికి.

మొదట మాట్లాడినమ్మాయి ఫొటోలు పంపమంది, పంపా. తర్వాత ఇంకొకాయన అవే ఫొటోలు మళ్లీ అడిగి, అన్‌బాక్సింగ్ వీడియో కూడా కావాలన్నాడు, పెల్లెట్ డబ్బాకి వీడియో ఎవరు తీస్తారండీ? ఆ తర్వాతాయన "ఇవి బుల్లెట్స్ కదా సార్, ఆర్మ్స్ లైసెన్స్ అప్‌లోడ్ చెయ్యండి" అన్నాడు. 2016 ఆర్మ్స్ రూల్స్ ప్రకారం 20 జౌల్స్ లోపు శక్తి, .177 అంగుళాల గొట్టం ఉన్న ఎయిర్ పిస్టల్‌కి లైసెన్స్ అక్కర్లేదని, అమ్ముతున్నది మీరే కాబట్టి మీకు తెలిసుండాలని ఓపిగ్గా చెప్పా, హోల్డ్‌లో పెట్టాడు, మ్యూజిక్ వింటూ కూర్చున్నా, లైన్ కట్. మళ్లీ చేస్తే మొత్తం కథ మొదట్నుంచి చెప్పమన్నారు, చెప్పాక బొమ్మల విభాగానికి కలిపారు. నా కూతురు పొద్దున్నే లేచి, చెయ్యి చాచి, ఊపిరి బిగబట్టి టార్గెట్ మధ్యలో ఉండే 11.5 మిల్లీమీటర్ల టెన్ రింగ్ (పది పాయింట్ల వలయం) కోసం కష్టపడుతుంటే మీవాళ్లకి అది బొమ్మాట. ఇంకొకరు కొరియర్ వాళ్లని అడగమంటే ఎండలో ఆటోనగర్ వెళ్లా, అక్కడ "బయట అట్టపెట్టె బాగానే ఉంది, మాకు సంబంధం లేదు, కంపెనీనే అడగండి" అన్నారు. వాళ్లని తప్పు పట్టను, నన్నక్కడికి తోలింది మీరు.

ఇంతా అయ్యాక ఒక రాత్రి మెసేజ్ వచ్చింది, సమస్య పరిష్కారమైంది, కస్టమర్ సంతృప్తి చెందారు, ఫిర్యాదు టికెట్ క్లోజ్ అని. ఎవర్నడిగి రాశారది? ఒక్కళ్లైనా ఫోన్ చేశారా?

పిల్ల పిస్టల్ పట్టిన దగ్గర్నుంచి పెల్లెట్స్, టార్గెట్ పేపర్లు అన్నీ మీ దగ్గరే కొన్నాం. రేంజ్‌లో మిగతా తల్లిదండ్రులకి, గుంటూరు నుంచి వచ్చే పిల్లలకి కూడా మీ పేరే చెప్పా. మను భాకర్ 2024 పారిస్‌లో ఇదే ఎయిర్ పిస్టల్‌లో మెడల్ తెచ్చాక మన ఊళ్లలో ఆడపిల్లల్ని కూడా తీసుకొచ్చి చేర్పిస్తున్నారు, వాళ్ల నాన్నలు "ఎక్కడ కొనాలండీ" అని నన్నడుగుతున్నారు, నేనేం చెప్పాలి?

డబ్బాలు మార్చి పంపుతారో, డబ్బులు వెనక్కిస్తారో మీ ఇష్టం. కానీ ముందు ఆ "సంతృప్తి" అన్న మాట తీసెయ్యండి, జరిగింది తెలిసిన మనిషి ఒకరు నాకు ఫోన్ చెయ్యాలి. 2020 ఈ-కామర్స్ రూల్స్‌లో ఫిర్యాదు అందిందని 48 గంటల్లో చెప్పాలని, నెలలోపు తేల్చాలని ఉంది, నేను చదివా. ఈ ఉత్తరానికి కూడా పలక్కపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి చేస్తా, అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో వేస్తా, 5 లక్షల లోపు దానికి ఫీజు కూడా లేదు, కేసు ఇక్కడ మా జిల్లాలోనే వెయ్యొచ్చు. కాల్ రికార్డింగులు, ఫొటోలు, మీరు మూసేసిన టికెట్ అన్నీ దాచిపెట్టా. అప్పుడు సమాధానం చెప్పడానికి మీరే విజయవాడ రావాలి.

ఇట్లు,
మీ పాత కస్టమర్,
పటమట, విజయవాడ