ఖిల్లా దారి తెల్లవారుజామునే తెరవండి

సంపాదకులకు నమస్కారం.

ఎండలు ముదరకముందే ఈ ఉత్తరం రాస్తున్నాను. మే నెలలో రాస్తే అధికారుల చెవిన పడేసరికి తొలకరి వచ్చేస్తుంది. భువనగిరి ఖిల్లా ఎక్కడానికి వచ్చేవాళ్లకు వేసవిలో తెల్లవారుజామునే దారి తెరవాలి. నడి ఎండలో ఎవరినీ పైకి పంపకూడదు. దారి మధ్యలో తాగునీళ్లు ఉంచాలి. నేను అడిగేది ఇంతే.

హైదరాబాదు నుంచి వరంగల్ రోడ్డున వచ్చేవాళ్లకు మా గుట్ట దూరం నుంచే కనబడుతుంది. పెద్ద గుడ్డును సగం దాకా భూమిలో పాతినట్టు ఒకటే బండ. ఎత్తు సుమారు 500 అడుగులు. కింద నిలబడి తలెత్తి చూసిన కుర్రవాళ్లు "ఇంతేనా, అరగంటలో ఎక్కేద్దాం" అంటారు. కాళ్లలో సత్తువ ఉంటే ఎక్కేస్తారు కూడా. కానీ 500 అడుగులంటే నలభై అంతస్తుల మేడ ఎక్కినట్టు. మెట్లు ఉన్నచోట మెట్లు, లేనిచోట ఏటవాలు బండ మీద నడక. పైకి పోయేకొద్దీ తల దాచుకోవడానికి నీడ దొరకదు.

నేను ఈ ఊరివాణ్ణి. బడిలో పాఠాలు చెప్పి రిటైరయ్యాను. ఊహ తెలిసినప్పటి నుంచి ఈ గుట్ట ఎక్కుతూ దిగుతూ ఉన్నాను కనుక దీని గుణం నాకు తెలుసు. తెల్లవారుజామున బండ మీద చెప్పుల్లేకుండా కూర్చుంటే ఒళ్లు జిల్లుమంటుంది. తొమ్మిది దాటిందంటే వేడెక్కడం మొదలవుతుంది. పన్నెండింటికి అరచెయ్యి ఆనించలేం. పైనుంచి ఎండ, కిందినుంచి బండ సెగ, మనిషి పెనం మీది రొట్టెలా రెండు వైపులా కాలతాడు. పొద్దు వాలినంత మాత్రాన ఆ సెగ పోదు. పగలంతా తాగిన వేడిని బండ చీకటి పడ్డాక కూడా చాలాసేపు కక్కుతూనే ఉంటుంది. పూర్తిగా చల్లారేది రాత్రి గడిచాకే. అందుకే వేసవిలో ఈ గుట్టకు మంచి వేళ ఒక్కటే, అది తెల్లవారుజాము. మనం తలుపులు తీసేదేమో ఆఫీసు వేళలకు. హైదరాబాదులో తీరిగ్గా టిఫిన్ తిని బయల్దేరినవాళ్లు మొదటి మెట్టు మీద కాలు పెట్టేసరికి సూర్యుడు నడినెత్తికి వస్తుంటాడు.

పోయిన మే నెలలో ఒక ఆదివారం మా మనవడితో పొద్దున్నే వెళ్లాలనుకుని ఆలస్యమై, కొద్ది దూరం ఎక్కి వెనక్కి వద్దామని బయల్దేరాను. సగం దారిలో గోడ వారన ఒక కుర్రవాడు కూలబడి ఉన్నాడు. ఇరవై ఏళ్లు ఉంటాయేమో. పక్కన ఖాళీ కూల్‌డ్రింకు సీసా. నీళ్ల సీసా లేదు. స్నేహితులు ముందు వెళ్లిపోయారట. ముఖం కందిపోయింది, ఒంటి మీద చెమట లేదు. లేవబోతూ చెయ్యి బండకు ఆనించి, చుర్రుమనగానే వెనక్కి లాక్కున్నాడు. నన్ను చూసి "తాతా, పైకి ఇంకెంత దూరం?" అని అడిగాడు. అదే మాట మళ్లీ అడిగాడు, మూడోసారీ అడిగాడు. నేను చెప్పిన జవాబు అతని చెవికి ఎక్కడం లేదు.

"పైకి కాదు బిడ్డా, కిందికి పోదాం" అని గోడ నీడలోకి జరిపి, బూట్ల తాళ్లు విప్పి, నా సీసాలో మిగిలిన నీళ్లతో తువ్వాలు తడిపి మెడ మీద, చంకల్లో వేశాను. తాగించడానికి నీళ్లు అయిపోయాయి. మా మనవడు, అటుగా వెళ్తున్న మరో అబ్బాయి కిందికి పరుగెత్తారు. గుట్ట కింద కీరకాయలు అమ్మే ఆమె తన కోసం తెచ్చుకున్న సల్ల ముంతను, రెండు నీళ్ల సీసాలను డబ్బులడగకుండా ఇచ్చి పంపింది. అవి మా దగ్గరికి చేరేసరికి నలభై నిమిషాలు పట్టింది. ఆ నలభై నిమిషాలు తువ్వాలుతో విసురుతూ, అతని పేరు, ఊరు, కాలేజీ ఒకదాని వెనుక ఒకటి అడుగుతూ కూర్చున్నాను, స్పృహ తప్పకూడదని. నలుగురం కలిసి నెమ్మదిగా దింపి ఆటోలో ఆసుపత్రికి పంపాం. సాయంత్రానికి తేరుకున్నాడని ఫోను వచ్చింది. నీళ్లు సగం దారిలోనే ఉంటే ఆ నలభై నిమిషాలు నాలుగు నిమిషాలయ్యేవి. ఆ పిల్లవాడి తల్లి ముఖం నేను చూడలేదు కానీ, ఆ రాత్రంతా ఆమే గుర్తుకొచ్చింది.

ఈ కోటకు ఆరో విక్రమాదిత్యుడి పేరు ఉంది. 1076లో గద్దెనెక్కిన పశ్చిమ చాళుక్య రాజు, త్రిభువనమల్లుడు. ఆయన బిరుదు మీదే త్రిభువనగిరి, అదే వాడుకలో భువనగిరి అయింది. కట్టినవాళ్లకు ఈ బండ గురించి మనకంటే బాగా తెలుసు. పైకి ఎక్కిన శత్రువు అలసి సొలసి రావాలని దారిని వంకర్లు తిప్పి దర్వాజాలు పెట్టారు. తమవాళ్లకు మాత్రం నీళ్ల కొరత రాకూడదని వాననీరు నిలిచేలా గుట్ట మీదే గుండాలు ఏర్పాటు చేశారు. ఆ గుండాలు ఇప్పటికీ ఉన్నాయి, ఆ నీళ్లు తాగడానికి మాత్రం పనికిరావు. తొమ్మిది వందల ఏళ్ల కింద సైనికుల దాహం గురించి ఆలోచించిన చోట, ఈరోజు టికెట్టు కొని వచ్చిన పిల్లల దాహం గురించి ఆలోచించమనడం పెద్ద కోరికా?

సిబ్బంది చాలరంటారని తెలుసు. నేను పనిగంటలు పెంచమనడం లేదు, జరపమంటున్నాను. మార్చి నుంచి జూన్ నడిమి దాకా పొద్దున ఐదున్నరకు తెరిచి, పది తర్వాత కొత్తగా ఎవరినీ పైకి పంపకుండా, పైన ఉన్నవాళ్లను పదకొండున్నరకల్లా దించాలి. మళ్లీ సాయంత్రం నాలుగున్నర నుంచి మొదటి దర్వాజా దాకా మాత్రమే రానివ్వాలి. వాతావరణ శాఖ మా జిల్లాకు ఆరెంజ్, రెడ్ హెచ్చరిక ఇచ్చిన రోజు ఆ సంగతి టికెట్టు కిటికీ పక్కనే పెద్ద అక్షరాలతో రాసిపెట్టాలి. చేతిలో లీటరు నీళ్లు లేనివాళ్లను అక్కడే ఆపాలి.

వేళలు మార్చడం మనకు కొత్త కాదు. తిరుమల నడకదారిలో 2023 ఆగస్టులో చిరుత ఒక పసిపాపను పొట్టన పెట్టుకున్నాక, పదిహేనేళ్ల లోపు పిల్లలను మధ్యాహ్నం రెండు దాటితే నడకదారిన పంపకుండా ఆపారు. భక్తులు అర్థం చేసుకున్నారు. అలిపిరి దారిలో 3,550 మెట్లు ఎక్కేవాళ్లకు పైకప్పు నీడ ఉంది, తాగునీళ్లు ఉన్నాయి. మా గుట్ట అంత పొడవు లేదు కాబట్టి ఖర్చూ అంత కాదు. కోట గోడలకు మేకు కొట్టకుండా, బండను తొలవకుండా రెండు చోట్ల గడ్డి పందిరి, దాని కింద నాలుగు మట్టి కుండలు పెడితే చాలు.

రోప్‌వే వస్తోంది కదా అని కొందరంటున్నారు. రావాలి. మోకాళ్ల నొప్పులతో పదేళ్లుగా పైకి రాలేని నా భార్య గుట్ట పైనున్న బారాదరి మండపం దగ్గర నిలబడి ఊరి చెరువును, కాజీపేట వైపు పోయే రైలును, దూరంగా యాదగిరిగుట్ట దిక్కును మళ్లీ చూడాలని నాకూ ఉంది. అయితే రోప్‌వే వచ్చినా నడిచి ఎక్కేవాళ్లు ఎక్కుతూనే ఉంటారు. 2014 మే 25న ఎవరెస్టు మీద నిలబడిన మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ తాడు పట్టుకుని బండ ఎక్కడం నేర్చుకున్నది ఇక్కడే. అప్పటికి పూర్ణకు పద్నాలుగేళ్లు నిండలేదు. ఆ సంగతి తెలిసి వచ్చే పిల్లలు తీగకు వేలాడే పెట్టెలో కూర్చోవాలని కోరుకోరు, సొంత కాళ్ల మీద ఎక్కాలని వస్తారు. వాళ్లను రావద్దనకూడదు. రావాల్సిన వేళ చెప్పి, దారిలో నీళ్లిచ్చి పంపాలి.

రోజూ తెల్లవారుజామున గుట్ట కింది రోడ్డు మీద నడిచే రిటైరైనవాళ్లం మేం తొమ్మిది మందిమి ఉన్నాం. అనుమతి ఇస్తే కుండలు, పందిరి మేమే కొంటాం. రోజూ నీళ్లు నింపే పని వంతులు వేసుకుని చేస్తాం. కీరకాయలు అమ్మే ఆమె కూడా ఒక కుండ ఇస్తానంది.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
భువనగిరి.