ఆ లేత నీలం రంగు

సంపాదకులకు నమస్కారం.

అమెరికా, ఐరోపా దేశాల సైనిక కూటమి అయిన నాటో విస్తరణపై మీరు పక్కపక్కన వేసిన రెండు వ్యాసాలూ చదివాను. ఒకరికి అది రష్యా మెడ మీద కత్తి. మరొకరికి చిన్న దేశాలు తమ ఇంటికి వేసుకున్న గడియ. కడపలో చాలాకాలం చరిత్ర పాఠాలు చెప్పి విరమించినవాణ్ని, ఊరుకోలేక రాస్తున్నాను. (సీమవాడు ఇలాంటి విషయం ఎత్తుకుంటే ఫ్యాక్షన్ పల్లెల పోలిక తెస్తాడని మీరు అనుకోవచ్చు. తేను.)

ముందు ఒక సవరణ. తూర్పుకు జరగబోమని నాటో సంతకం చేసి మాట తప్పిందని మొదటి వ్యాసకర్త రాశారు. అలాంటి సంతకం ఎక్కడా లేదు. 1990 ఫిబ్రవరిలో, జర్మనీ ఏకీకరణ చర్చల సందర్భంగా, అమెరికా విదేశాంగ మంత్రి జేమ్స్ బేకర్ మాస్కోలో సోవియట్ నేత గోర్బచేవ్‌తో నాటో ఒక్క అంగుళం కూడా తూర్పుకు రాదన్నారు. అది నోటిమాట. అదే ఏడాది సెప్టెంబరులో కుదిరిన ఒప్పందంలో చోటు దక్కింది పూర్వపు తూర్పు జర్మనీ నేల మీద విదేశీ దళాలను, అణ్వాయుధాలను ఉంచరాదన్న షరతుకే. నమ్మించి మోసం చేశారని రష్యన్లు నొచ్చుకుంటే అర్థం చేసుకోగలను. పత్రం చూపమంటే మాత్రం వారి దగ్గర లేదు.

రెండో వ్యాసకర్తతో నా తగాదా ఇంకా పెద్దది. ఎవరి జోలికీ పోని రక్షణ కూటమిని చూసి భయపడటమే దుర్బుద్ధికి గుర్తు అన్నట్టు రాశారు. పోలండ్, హంగరీ, చెక్ దేశాలు నాటోలో చేరింది 1999 మార్చి 12న. పన్నెండు రోజులకే, ఐక్యరాజ్యసమితి అనుమతి లేకుండానే, ఆ కూటమి యుగోస్లావియా మీద బాంబులు వేసింది. కారణాలు మంచివే కావచ్చు. మాస్కోలో కూర్చుని చూసినవాడికి కనిపించింది మాత్రం విమానాలు.

ఆ మాటకొస్తే, ఇదే హామీ ఒకప్పుడు మనకూ అందింది. 1954లో పాకిస్తాన్‌కు ఆయుధాలు ఇస్తూ, అవి భారత్‌ను ఉద్దేశించినవి కావని అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ నెహ్రూకు స్వయంగా ఉత్తరం రాశారు. అదే ఏడాది ఆగ్నేయాసియా కోసం సియాటో కూటమి, మరుసటి ఏడాది పశ్చిమాసియా కోసం బాగ్దాద్ ఒప్పందం; రెండింటిలోనూ పాకిస్తాన్ చేరింది. అంతా కమ్యూనిజాన్ని అడ్డుకోవడానికేనన్నారు. 1965లో ఆ అమెరికన్ ప్యాటన్ ట్యాంకులు పంజాబులోని ఖేమ్‌కరణ్ పొలాల్లోకి వచ్చాయి. ఉత్తరం రాసినాయన అబద్ధం ఆడలేదనే అనుకుంటాను. ఇచ్చినవాడి ఉద్దేశం ట్యాంకుతో పాటు ప్రయాణించదు, అంతే.

మా జిల్లా కథ కూడా ఇదే పాఠంలోది. 1790లో ఈస్టిండియా కంపెనీ, మరాఠాలు, నిజాం ఒక్కటై టిప్పు మీదికి వెళ్లారు. 1792లో కడప టిప్పు చేతి నుంచి నిజాం చేతికి వచ్చింది. చుట్టూ బిగిసిన ఆ కూటమిని చూసి టిప్పు ఫ్రెంచివారి సాయం కోసం మారిషస్‌కు మనుషులను పంపాడు. తనకు అది గడియ. కంపెనీ గవర్నర్ జనరల్ వెల్లెస్లీకి అది కత్తి, యుద్ధానికి సాకు. ఈలోగా ఖర్దాలో మరాఠాల చేతిలో దెబ్బతిన్న నిజాం 1798లో కంపెనీతో సైన్య సహకార సంధి చేసుకున్నాడు. కాపలా సైన్యం వచ్చింది. దాని ఖర్చు కింద 1800లో కడప, అనంతపురం, బళ్లారి ప్రాంతాలను రాసిచ్చేశాడు. దత్త మండలాలని మమ్మల్ని పిలిచింది అందుకే. రాయలసీమ అన్న పేరు 1928 నంద్యాల సభలో గాని రాలేదు. కూటములు ఉచితంగా రావని మాకు ఒకరు చెప్పనక్కర్లేదు.

అయితే ఈ పోలికను ఎంతదూరం లాగాలో అంతే లాగుతాను. ఎస్టోనియా, లాట్వియా, లిథువేనియా నాటో తలుపు తట్టింది తమంతట తామే. 1940లో సోవియట్ సైన్యం తమ దేశాలను మింగిన సంగతి వారికి తాతలు చెప్పిన జ్ఞాపకం. 2004లో చేరినా, అక్కడ నాటో బహుళజాతి పోరాట దళాలు దిగింది 2017లో, ఉక్రెయిన్ నుంచి క్రిమియాను రష్యా లాక్కున్నాకే. రష్యాను కబళించాలని తొందరపడేవారు పదమూడేళ్లు ఆగరు. ఫిన్లాండ్ సంగతీ చూడండి. రష్యాతో దాదాపు 1,340 కిలోమీటర్ల సరిహద్దు ఉన్న ఆ దేశం 2023 ఏప్రిల్‌లో చేరింది. ఆ సభ్యత్వంతో తక్షణ ముప్పు లేదని, సైనిక ఏర్పాట్లు పెరిగితే మాత్రం స్పందిస్తామని పుతిన్ ముందే అన్నారు. యుద్ధం రాలేదు.

మరి ఉక్రెయిన్‌లో ఎందుకొచ్చింది? దాడి చేసినవాడి నేరాన్ని నేను తగ్గించను. భయం ఎంత నిజమైనా పొరుగువాడి ఊళ్లను నేలమట్టం చేసే హక్కు ఇవ్వదు. కానీ 2008 ఏప్రిల్‌లో బుఖారెస్ట్‌ నాటో సదస్సులో జరిగింది చూడండి. అమెరికా ఉక్రెయిన్, జార్జియాలను లోపలికి తేవాలంది. జర్మనీ, ఫ్రాన్స్ వద్దన్నాయి. రాజీ కింద, ఆ రెండు దేశాలు సభ్యులవుతాయని ప్రకటించి తేదీ చెప్పకుండా లేచిపోయారు. రష్యాకు రెచ్చిపోవడానికి ఆ వాక్యం చాలు. ఉక్రెయిన్‌కు, ఒక సభ్యుడి మీద దాడి అందరి మీద దాడేననే నాటో ఐదో అధికరణం రక్షణ మాత్రం చిటికెడు కూడా దక్కలేదు. నాలుగు నెలలు తిరిగేసరికే జార్జియాలో యుద్ధం, 2014లో క్రిమియా, 2022 ఫిబ్రవరి 24న ఉక్రెయిన్ మీద పూర్తి దండయాత్ర. గడియ బిగించని తలుపు మీద గడియ ఉందని బోర్డు పెట్టారు. మీ వ్యాసకర్తలిద్దరూ పట్టించుకోనిది ఇదే. చేర్చుకుంటే కత్తా, గడియా అని వాదించారు. చేర్చుకుంటామని చెప్పి చేర్చుకోకపోతే ఏమవుతుందో అడగలేదు.

వ్యాసాల మధ్య వేసిన పటంలో సభ్యదేశాలు 32కూ ముదురు నీలం వేసి, ఉక్రెయిన్‌కు లేత నీలం వేశారు. బుఖారెస్ట్‌లో వేసిన రంగూ అదే. తర్వాతి పటంలో దాన్ని తెల్లగా వదిలేయండి.

ఇట్లు,
ఒక విశ్రాంత చరిత్ర అధ్యాపకుడు,
కడప