ఆటోనగర్ పెద్దాయనకి వెయ్యి దండాలు

నిన్న రాత్రి పదకొండు దాటాక మా వీధిలో మా పాత బైకు రాజ్‌దూత్ 350కి ముందు చక్రం బ్రేకు పట్టింది, లోపలి రెండు బ్రేకు షూలూ ఒకేసారి. చేతులకి గ్రీజు కూడా పోలేదు, కళ్ళు మూసుకుపోతున్నాయి, అయినా ఇప్పుడే రాయాలనిపించి కూర్చున్నా.

తెలియనివాళ్ళకి ఒక ముక్క. ఈ బండికి మూలమైన జపాన్ యమహా ఆర్‌డీ 350కి ముందు డిస్క్ బ్రేకు ఉండేది, ఇక్కడ ఎస్కార్ట్స్ వాళ్ళు 1983లో తెచ్చినప్పుడు ఖర్చు తగ్గించడానికి 7 అంగుళాల డ్రమ్ బ్రేకు పెట్టారు. లోపల షూలని డ్రమ్‌కేసి తోసే రెండు క్యాములు, బయట ఆ రెంటినీ కలిపే లింక్ రాడ్. ఆ రాడ్ సెట్టింగ్ కుదిరితేనే రెండు షూలూ కలిసి పడతాయి. మా మేనమామ 1984లో కొన్న ఈ బండికి మధ్యలో ఎవరో మెకానిక్ రెండో క్యామ్ పీకేసి రాడ్ పారేశాడు, ఇవన్నీ బిగించే బ్రేకు ప్లేటుకేమో క్యామ్ కూర్చునే చోట పగులు. 30 హార్స్‌పవర్ బండిని ఒక్క షూతో ఆపడమంటే ప్రాణాల మీదకి తెచ్చుకోవడమే.

ఆ ప్లేటు కోసం ఎనిమిది నెలలు పాత పార్టుల బజార్లన్నీ తిరిగా. హైదరాబాద్ పుత్లీబౌలి, రాణీగంజ్, చెన్నై పుదుపేట. రాజ్‌దూత్ అనగానే చిన్న బండి రాజ్‌దూత్ 175 ప్లేటు తెచ్చి చేతిలో పెడతారు, అది వేరే బండి బాబూ అంటే విసుక్కుంటారు. ఆన్‌లైన్లో ఒకాయన 4,500 అడ్వాన్సు తీసుకుని అదే 175 ప్లేటు పంపాడు, ఆ తర్వాత ఫోన్ ఎత్తలేదు.

పోయిన గురువారం ఆఖరి ప్రయత్నం అనుకుని ఖమ్మం నుంచి బెజవాడ ఆటోనగర్ వెళ్ళా. మధ్యాహ్నం రెండింటిదాకా షాపు షాపూ అడిగా. ఒక షాపులో లేదు పొమ్మన్నారు, బయటికి వస్తుంటే అరుగు మీద కూర్చున్న పెద్దాయన "ఏ బండికి బాబూ" అన్నారు. చెప్పా. ఫోన్లో ఫోటో చూపించమన్నారు, చాలాసేపు చూసి "రెండు క్యాములదేగా, మా ఇంట్లో ఉంది పద" అన్నారు. నేను నమ్మలేదు నిజంగా. ఆయన తన 350ని ఎప్పుడో అమ్మేశారట, విడిగా ఉన్న ప్లేటు మాత్రం అమ్మబుద్ధి కాక గోనెసంచిలో చుట్టి అటక మీద పెట్టుకున్నారట. రెండు క్యాములు, స్ప్రింగులు, లింక్ రాడ్, అన్నీ ఆయిల్ రాసి ఉన్నాయి. భుజం మీద తువ్వాలుతోనే తుడిచి ఇచ్చారు. ఎంత బాబాయ్ అంటే "ముందు అన్నం తిను, ముఖం చూస్తే పొద్దుట్నుంచి తిన్నట్టు లేవు" అన్నారు. గోంగూర పచ్చడి, మజ్జిగ. ఆ ముద్ద నోట్లో పెట్టుకున్నాక నాకు ఏడుపు ఆగలేదు, ఎనిమిది నెలల్లో అందరూ బండేంటి రేటెంత అని అడిగినవాళ్ళే, తిన్నావా అన్నది ఆయనొక్కరే. జేబులో డబ్బులు పెట్టబోతే చెయ్యి పట్టుకుని "స్టార్ట్ చేశాక ఆ చప్పుడు ఒక్కసారి ఫోన్లో వినిపించు చాలు" అన్నారు. పొద్దున ఆరింటికే వినిపించా. అటువైపు చాలాసేపు ఏం మాట్లాడలేదు.

ఇంట్లోవాళ్ళ సంగతి సరే, మా ఆవిడ, తమ్ముడు ఎప్పుడూ ఉన్నారు.

కానీ ఒకటి మాత్రం మింగుడుపడట్లేదు. 2021లో వచ్చిన రూల్ ప్రకారం 50 ఏళ్ళు నిండితేనే వింటేజ్ బండి, అంటే మాది 2034 దాకా ఆగాలి. అందాకా ఇది ఉట్టి పాత బండి, ఆర్సీ రెన్యువల్‌కి వెళ్తే తుక్కుకి వేసెయ్యొచ్చుగా అంటారు. ఫీజు కట్టడానికి నాకేం బాధ లేదు, నాలుగుసార్లు తిప్పడం బాధ. పార్టులు చేసేవాళ్ళు లేరు, ఉన్న పార్టులు తూకానికి పోయి కరుగుతున్నాయి, ఇంక ఈ బండ్లని క్షేమంగా రోడ్డు మీద ఎలా ఉంచాలి? మంచి బ్రేకు పెట్టుకోవడానికి ఒక మనిషి అటక మీద ఆధారపడాల్సి వచ్చింది.

అయ్యో మర్చిపోయా, డ్రమ్ అండాకారంగా తిరుగుతుంటే స్పోకులు బిగించాక చక్రం మొత్తం లేత్ మీద ఎక్కించి సాపు చేసిన లేత్ అన్నకి, షూలకి కొత్త లైనింగ్ వేసిన భాయ్‌కి, కేబుల్ పంపిన చెన్నై తమ్ముడికి చాలా చాలా థాంక్స్. ఇంకా రాత్రి పరీక్షలున్నా టార్చ్ పట్టుకుని నిలబడ్డ ఎదురింటి బాబుకి, థాంక్స్ రా కన్నా.