ఆ కాగితం మీద పడేది నువ్వు పలికిన మాటే

అమ్మలూ,

రోజంతా రకరకాల పరీక్షలు పెట్టి ఉద్యోగానికి ఎంచుకునే అసెస్‌మెంట్ డేకి రమ్మని పిలుపు వచ్చిందని నిన్న నువ్వు ఫోనులో చెప్పినప్పుడు నాకు కలిగిన సంతోషాన్ని సరిగా చెప్పలేకపోయాను. ఆ వెంటనే నువ్వు, "గ్రూప్ ఎక్సర్‌సైజ్ కూడా ఉందట నాన్నా, నా అవకాశం అక్కడే పోతుంది" అన్నావు. ఆ మాట రాత్రంతా నన్ను వదలలేదు. ఫోనులో అయితే మళ్లీ నీ మాటకు అడ్డు తగులుతానేమోనని ఇలా ఉత్తరం రాస్తున్నాను.

ఉద్యోగంలో ఉండగా కొన్నేళ్లు నేను ఇలాంటి ఎంపికల్లో అభ్యర్థులను గమనించి మార్కులు వేసే అసెసర్‌గా కూర్చున్నాను. అందుకే ముందుగా అసెసర్ చేతిలోని కాగితం గురించి చెబుతాను. కొందరు అభ్యర్థులకు కలిపి ఒక పని ఇచ్చే గ్రూప్ ఎక్సర్‌సైజ్‌లో సాధారణంగా ఒక్కొక్క అసెసర్‌కు ఒకరిద్దరు అభ్యర్థులను మాత్రమే అప్పగిస్తారు. కాగితానికి ఎడమవైపు ఏ నిమిషమో వేసుకుంటాము. దాని ఎదురుగా ఆ అభ్యర్థి అన్న మాటను, చేసిన పనిని ఉన్నదున్నట్లు రాసుకుంటాము. 'తెలివైనది', 'బిడియస్తుడు' వంటి అభిప్రాయాలు ఆ దశలో రాయకూడదని మాకు గట్టిగా శిక్షణ ఇచ్చేవారు. చూడటం, రాసుకోవడం, రాసుకున్నది ఏ లక్షణం కిందికి వస్తుందో విడదీయడం, ఆ తరువాతే మార్కు వేయడం, ఇదీ వరుస. నీ మనసులో ఎంత గొప్ప ఆలోచన మెదిలినా అది మాటగానో పనిగానో బయటికి రాకపోతే ఆ కాగితం మీద ఖాళీ మాత్రమే మిగులుతుంది. ఈ ఉత్తరంలో నేను నీకు చెప్పదలచుకున్నది ప్రధానంగా ఇదే.

ఈ పద్ధతి ఎవరో సరదాకు కల్పించినది కాదు. రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో బ్రిటిష్ సైన్యం ఆఫీసర్ల ఎంపికకు కొద్ది నిమిషాల ఇంటర్వ్యూ మీదే ఆధారపడి, అలా ఎంచుకున్నవారిలో చాలామంది శిక్షణలో నిలవలేక వెనక్కి వస్తుండటం చూసి, 1942లో వార్ ఆఫీస్ సెలెక్షన్ బోర్డులను ఏర్పాటు చేసింది. నాయకుడెవరో చెప్పకుండా కొందరిని కలిపి ఒక పని అప్పగించి, వాళ్లు ఒకరితో ఒకరు ఎలా మెలగుతారో చూడాలన్న ఆలోచన అక్కడ పనిచేసిన మానసిక వైద్యుడు విల్‌ఫ్రెడ్ బియాన్‌ది. నువ్వు భయపడుతున్న గ్రూప్ ఎక్సర్‌సైజ్ దాని వారసురాలే. 1956లో అమెరికాలోని ఏటీ అండ్ టీ అనే టెలిఫోన్ సంస్థలో డగ్లస్ బ్రే అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఇదే తరహాలో యువ ఉద్యోగులను పరిశీలించి, ఆ ఫలితాలను వారికి గాని వారి పై అధికారులకు గాని తెలియనివ్వకుండా ఏళ్ల తరబడి దాచి ఉంచి, ఎవరు ఎంతవరకు ఎదిగారో తరువాత పోల్చి చూశాడు. ముందుగా వేసిన అంచనాలు చెప్పుకోదగినంతగా సరిపోయాయి. సైన్యం బయటి సంస్థలు ఈ పద్ధతిని నమ్మడానికి అదొక ముఖ్య కారణం.

ఇక గ్రూప్ ఎక్సర్‌సైజ్ దగ్గరికి వస్తాను. ఒకసారి ఆరుగురు అభ్యర్థులకు ఐదు ప్రతిపాదనలిచ్చి, ఉన్న నిధులతో వాటిలో రెండింటిని ఎంచమన్నాము. సమయం నలభై నిమిషాలు. నాకు అప్పగించిన ఇద్దరిలో ఒక అబ్బాయి ఆపకుండా మాట్లాడాడు. కాగితం నిండింది గాని, పక్కవారి మాటను మధ్యలో తుంచినట్లు నాలుగుసార్లు రాయవలసి వచ్చింది. రెండవ అభ్యర్థి ఒక అమ్మాయి. ఆమె మాట్లాడినది మూడుసార్లే. మొదట్లో, "ప్రతిపాదనల జోలికి వెళ్లేముందు దేన్ని బట్టి ఎంచాలో తేల్చుకుందామా?" అంది. సగంలో, అప్పటిదాకా నోరు విప్పని ఒకరి వైపు తిరిగి, "మీ కాగితంలో ఉన్న వివరాలు మేమింకా వినలేదు" అంది. అందరికీ ఒకే సమాచారం ఇవ్వలేదని మిగతావారెవరూ గమనించలేదు. ఆ మౌనంగా ఉన్న వ్యక్తి కాగితంలోని ఖర్చు లెక్కతో చర్చ మొత్తం మలుపు తిరిగింది. చివరి ఐదు నిమిషాల్లో, ఎక్కడ ఒప్పుకున్నారో, ఏది ఇంకా తేలలేదో రెండు వాక్యాల్లో చెప్పింది. ఆ మూడు మాటలకూ నా కాగితంలో మంచి మార్కులు పడ్డాయి. అభ్యర్థులను చాలాచోట్ల ఒకరితో ఒకరిని పోల్చకుండా ముందే నిర్ణయించిన ప్రమాణాలతో పోలుస్తారు కనుక, పక్కవాడిని తొక్కి నువ్వు పైకి రావలసిన అవసరం లేదు.

ఇప్పుడు నీ నత్తి సంగతి. మొదటి అక్షరం దగ్గర మాట పట్టేసినప్పుడు నువ్వు దాన్ని మింగేసి, ఎదుటివారు పూర్తి చేస్తే తల ఊపి ఊరుకోవడం నాకు తెలుసు. ఆ అలవాటు నీకు చేసింది నేనే, తల్లీ. చిన్నప్పటి నుంచి నీ మాట ఆగిన ప్రతిసారీ నీకు సాయం చేస్తున్నాననుకుని ఆ వాక్యాన్ని నేనే పూర్తి చేసేవాడిని. అది తప్పని నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది. ఆ రోజు నీ బదులు ఎవరైనా పూర్తి చేస్తే ఆ మాట వాళ్ల కాగితంలోకి వెళుతుంది, నీ దాంట్లోకి రాదు. ఎంతసేపు పట్టినా నీ వాక్యం నువ్వే ముగించు. అంతకంటే ముందుగా, పిలుపు పంపినవారికి ఈ విషయం ఇప్పుడే రాసి, ప్రెజెంటేషన్‌కు, ఇంటర్వ్యూకు అదనపు సమయం అడుగు. సరైన సంస్థలు ఇటువంటి సర్దుబాటు చేస్తాయి. అందులో దాక్షిణ్యమేమీ లేదు. మాట వేగాన్ని కొలవడం వాళ్ల ఉద్దేశం కాదు కదా.

ఇన్-ట్రే ఎక్సర్‌సైజ్‌లో నువ్వు రాణిస్తావని నా నమ్మకం. సెలవు నుంచి తిరిగొచ్చిన మేనేజర్ స్థానంలో నిన్ను ఊహించుకోమని, పేరుకుపోయిన ఈమెయిళ్లు, నోట్లు ముందుంచుతారు. ఒక అబ్బాయి మొదటి లేఖలోని సమావేశానికి ఇరవై నిమిషాలు కూర్చుని చక్కని జవాబు రాశాడు. ఆ సమావేశం రద్దయిందని పదకొండవ లేఖలో ఉంది. కాబట్టి కలం పట్టేముందు అన్నీ ఒకసారి చదువు. తరువాత దేనికి తొందర, దేన్ని ఎవరికి అప్పగించాలి, ఎప్పటిలోగా కావాలి అన్నది రాసి, ఎందుకన్నది ఒక్క వాక్యంలో చేర్చు. చాలామంది ఆ 'ఎందుకు' దగ్గరే మార్కులు పోగొట్టుకుంటారు.

ఆప్టిట్యూడ్ పరీక్షకు పట్టికలు, శాతాలు, నిష్పత్తులు గడియారం పెట్టుకుని సాధన చేస్తే చాలు. ఇంటర్వ్యూకు నువ్వు నిజంగా చేసిన నాలుగైదు పనులను గుర్తు చేసుకుని, పరిస్థితి ఏమిటి, నీకు అప్పగించినదేమిటి, నువ్వేం చేశావు, ఫలితమేమైంది అనే వరుసలో సిద్ధం చేసుకో. 'మేము చేశాము' అని చెప్పకు. ఆ రోజు ఒక ఎక్సర్‌సైజ్ చెడిపోయినా మనసులో పెట్టుకోకుండా తరువాతి గదిలోకి వెళ్లు. ఒకే లక్షణాన్ని సాధారణంగా రెండు మూడు ఎక్సర్‌సైజ్‌లలో చూస్తారు, చివర్లో అసెసర్లందరూ కూర్చుని అన్ని కాగితాలనూ కలిపి మాట్లాడుకున్నాకే నిర్ణయం జరుగుతుంది.

ఈ ఆదివారం నాకు ఫోను చెయ్యి. నీ ప్రెజెంటేషన్ మొదటి నుంచి చివరి వరకు చెప్పు. నేను కాగితం ముందు పెట్టుకుని ఎడమవైపు నిమిషాలు వేసుకుంటూ నువ్వన్నది అన్నట్లే రాస్తాను. నువ్వు "అయిపోయింది నాన్నా" అనేదాకా నోరు మెదపను.

ఆశీస్సులతో,
మీ నాన్న