పింఛను సరే, తోడు మాటేమిటి?

సంపాదకులకు నమస్కారం.

ఏటా డిసెంబరు 3న అంతర్జాతీయ దివ్యాంగుల దినోత్సవం పేరుతో జిల్లా కేంద్రాల్లో సభలు జరుగుతాయి. మూడు చక్రాల బండ్లు, చంకకర్రలు, వినికిడి యంత్రాలు పంచుతారు, మర్నాడు పత్రికల్లో ఫొటోలు వస్తాయి. ఆ సాయాన్ని చిన్నబుచ్చే ఉద్దేశం నాకు లేదు; పసితనంలో పోలియో సోకి, కాళ్లకు ఊతగా తొడిగే కాలిపర్లతోనే చదువుకుని, ప్రభుత్వ పాఠశాలలో ఉపాధ్యాయుడిగా పదవీ విరమణ చేసిన నాకు దాని విలువ తెలుసు. అయితే ఆ బండి అందుకున్న మనిషి మర్నాడు పొద్దున మంచం మీద నుంచి ఎవరి సాయంతో లేస్తాడు, బండి చక్రం విరిగితే ఎక్కడ బాగు చేయించుకుంటాడు, అద్దె ఇంటి స్నానాల గది గడప ఎలా దాటుతాడు అని అడిగితే బదులిచ్చే చోటు మన ఊళ్లలో కనబడదు. సరిగ్గా ఈ ప్రశ్నల నుంచే పుట్టి పెరిగిన ఒక కేంద్రం చరిత్ర మన ప్రభుత్వాలకు పనికొస్తుందన్న ఆశతో ఈ లేఖ రాస్తున్నాను.

అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో, బర్క్‌లీ పట్టణంలో 1972లో ‘సెంటర్ ఫర్ ఇండిపెండెంట్ లివింగ్’ ఏర్పడింది. దానికి పదేళ్ల ముందు, 1962లో, ఎడ్ రాబర్ట్స్ అనే యువకుడు అక్కడి విశ్వవిద్యాలయంలో చేరాడు. పద్నాలుగో ఏట వచ్చిన పోలియోతో అతనికి మెడ కింది నుంచి దాదాపు శరీరమంతా చచ్చుబడింది. రాత్రిళ్లు ‘ఐరన్ లంగ్’ అనే పెద్ద ఇనుప శ్వాసయంత్రంలో పడుకుంటే తప్ప ఊపిరి ఆడేది కాదు. అంత బరువైన యంత్రాన్ని పెట్టడానికి వీలైన గది హాస్టళ్లలో లేకపోవడంతో విద్యార్థుల ఆస్పత్రిలోనే అతనికి బస ఇచ్చారు. తర్వాత అలాంటి తీవ్ర వైకల్యం ఉన్న మరికొందరు విద్యార్థులు వచ్చి చేరారు. ఆస్పత్రి నీడలో పెరిగినా వాళ్లు రోగులుగా మిగిలిపోలేదు. తమకు స్నానం చేయించే, బట్టలు తొడిగే, అన్నం తినిపించే సహాయకులను తామే ఎంచుకున్నారు, పని తామే నేర్పారు, కుదరకపోతే తామే మాన్పించారు. ఏ గంటకు నిద్ర లేవాలో నర్సు కాకుండా తానే నిర్ణయించుకోవడం ఎంత పెద్ద విషయమో, ఒకరి మీద ఆధారపడి బతికిన వాళ్లకు వివరించనక్కర్లేదు.

1970లో విశ్వవిద్యాలయం వికలాంగ విద్యార్థుల కోసం ఒక ప్రత్యేక కార్యక్రమం మొదలుపెట్టింది. అయితే చదువుతో సంబంధం లేని పట్టణవాసులు కూడా అదే గుమ్మం ముందుకు రావడం మొదలైంది. వెన్నుపూస విరిగిన వాళ్లకు, కళ్లు కనబడని వాళ్లకు, సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతిని కదలికలపై అదుపు తప్పే స్థితి) ఉన్న వాళ్లకు సహాయకుడు కావాలి, మెట్లు లేని ఇల్లు కావాలి. విద్యార్థుల కోసం ఇచ్చిన నిధులతో అందరి అవసరాలూ తీరవు కనుక పట్టణం మొత్తానికీ ఒక కేంద్రం పెట్టుకున్నారు. తొలి రోజుల్లో దాని కార్యాలయం ఒక చిన్న అపార్ట్‌మెంటు. ఆరంభంలో ఫెడరల్ ప్రభుత్వం, అంటే అమెరికా కేంద్ర ప్రభుత్వం నుంచి అందిన గ్రాంటు 50 వేల డాలర్లు.

ఆ కేంద్రం పెట్టుకున్న పనులు చూడండి. సహాయకులుగా పనిచేయదలచిన వారితో మాట్లాడి, పేర్లు ఒక జాబితాలో ఉంచి, అవసరమైన వారికి ఆ జాబితా ఇచ్చేవారు. ఎవరిని పెట్టుకోవాలన్నది మాత్రం వికలాంగుడి ఇష్టం. చక్రాల కుర్చీలు బాగుచేసే వర్క్‌షాపు ఉండేది. ఆ రోజుల్లో మోటారు కుర్చీ తరచూ మొరాయించేది. బాగయ్యేదాకా మనిషి మంచానికే పరిమితం. వ్యానులకు లిఫ్టు అమర్చేవారు, ఇళ్లకు ర్యాంపులు కట్టించేవారు, ప్రభుత్వ సాయానికి దరఖాస్తులు నింపడంలో తోడుండేవారు. ప్రమాదంలో కొత్తగా నడుము పడిపోయిన కుర్రాడికి ధైర్యం చెప్పే పనిని, ఏళ్ల తరబడి చక్రాల కుర్చీలో బతుకుతున్న మరో మనిషికి అప్పగించేవారు. మన దగ్గర ఆ పని సాధారణంగా బంధువులు చేస్తారు, సగం ఓదార్పుతో, సగం ఏడుపుతో.

ఇందులో మహా పథకమేమీ లేదు, ప్రారంభోత్సవానికి మంత్రి రానక్కర్లేదు. అయినా ఈ పనులే వాళ్లను నాలుగు గోడల మధ్య నుంచి వీధిలోకి తెచ్చాయి. వీధిలోకి వచ్చాక పేవ్‌మెంట్ అంచు ఎక్కడం కష్టమైంది. పురపాలక సంఘంతో పోరాడి కూడళ్ల దగ్గర ఆ అంచుల్ని వాలుగా మార్పించారు. ఆపైన చట్టాల దాకా వెళ్లారు. వికలాంగుల పట్ల వివక్షను నిషేధిస్తూ 1973లో వచ్చిన చట్టానికి నాలుగేళ్లయినా నిబంధనలు రాకపోతే, 1977 ఏప్రిల్‌లో శాన్‌ఫ్రాన్సిస్కోలోని ఫెడరల్ కార్యాలయంలో వంద మందికి పైగా బైఠాయించి, మూడు వారాలు దాటినా కదలలేదు. నిబంధనలపై సంతకం పడింది. ఆ ఆందోళనను ముందుండి నడిపిన జూడీ హ్యూమన్ అప్పట్లో ఈ కేంద్రంలోనే పనిచేస్తోంది. ఒకప్పుడు రాబర్ట్స్‌ను ఏ పనికీ పనికిరాడని తేల్చిన కాలిఫోర్నియా పునరావాస శాఖకు 1975లో గవర్నర్ జెర్రీ బ్రౌన్ అతన్నే డైరెక్టరుగా నియమించాడు. 1978లో చట్టాన్ని సవరించి ఇలాంటి కేంద్రాలకు ఫెడరల్ నిధులు కేటాయించారు. ఇప్పుడు ఆ దేశంలో అవి దాదాపు 400 ఉన్నాయి. బర్క్‌లీలో ఆష్‌బీ రైల్వే స్టేషన్‌ను ఆనుకుని 2010లో రాబర్ట్స్ పేరుతో పెద్ద ప్రాంగణం తెరిచారు. మధ్యలో మెలికలు తిరుగుతూ పై అంతస్తుకు వెళ్లే ఎర్రని ర్యాంపు ఉంటుంది.

ఆ చరిత్రలో నాకు అన్నింటికన్నా ముఖ్యంగా తోచింది ర్యాంపూ కాదు, నిధులూ కాదు. ఇలాంటి కేంద్రం పాలకమండలిలో సగానికి మించి వికలాంగులే ఉండాలని అక్కడి చట్టం షరతు పెట్టింది. మన దగ్గర వికలాంగుల సంస్థల్లో చాలావాటిని నడిపేది దాతలు, విశ్రాంత అధికారులు, డాక్టర్లు. వాళ్ల సేవాభావాన్ని శంకించడం లేదు. కానీ వేళకు భోజనం పెట్టి, వేళకు దీపం ఆర్పే వసతి గృహంలో పెరిగిన మనిషికి ఎంత కరుణ దొరికినా, తన రోజును తాను నడుపుకునే అలవాటు మాత్రం రాదు.

మన చట్టం కూడా ఆ దిశగానే ఉంది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 5వ సెక్షన్, సమాజంలో అందరితోపాటు జీవించే హక్కు వికలాంగులకు ఉందని చెబుతోంది. ఫలానా చోటే ఉండి తీరాలన్న నిర్బంధం వారికి ఉండకుండా, వ్యక్తిగత సహాయకుడితో సహా అవసరమైన సేవలు అందేలా ప్రభుత్వాలు ప్రయత్నించాలని అందులోనే ఉంది. 2024 నవంబరులో సుప్రీంకోర్టు, భవనాలు, రవాణా వంటివి వికలాంగులకు అందుబాటులో ఉంచే ప్రమాణాలు ఐచ్ఛికంగా ఉంటే చాలదనీ, మూడు నెలల్లో తప్పనిసరి నిబంధనలు తేవాలనీ కేంద్ర ప్రభుత్వాన్ని ఆదేశించింది. ఆ కేసులో వాస్తవ పరిస్థితిని అధ్యయనం చేసి నివేదిక ఇచ్చింది హైదరాబాద్‌లోని నల్సార్ విశ్వవిద్యాలయం కావడం మనకు గర్వకారణమే. అయినా మా ఊళ్లో బ్యాంకు మెట్లు ఎప్పటిలాగే ఉన్నాయి.

పింఛన్ల విషయంలో తెలుగు రాష్ట్రాలు మేలే. తెలంగాణలో 2023లో 4,016 రూపాయలకు, ఆంధ్రప్రదేశ్‌లో 2024లో 6,000 రూపాయలకు పెంచారు. ఆ డబ్బు మందులకు, ఇంటి ఖర్చులకు సరిపోతే గొప్ప. సహాయకుడిని పెట్టుకోవడానికి ఎక్కడ మిగులుతుంది? అందుకే మన ఇళ్లలో సహాయకుడి స్థానంలో తల్లి ఉంటుంది, ఆమె తర్వాత వదినో చెల్లెలో ఉంటుంది. మా వీధిలో ముప్పై దాటిన కొడుకును డెబ్బై ఏళ్ల తల్లి ఇప్పటికీ రెండు పూటలా చంకల కింద చేతులు వేసి లేపి కుర్చీలో కూర్చోబెడుతుంది. ఆ కుర్చీ ప్రభుత్వ శిబిరంలో ఇచ్చిందే. ముందు చిన్న చక్రం బేరింగు అరిగిపోతే సైకిల్ షాపు వాళ్లు తమ దగ్గర ఆ సైజు లేదన్నారు. అప్పటి నుంచి అతని లోకం వరండా వరకే. మన కుటుంబాలు చూసుకుంటాయి, మనకు అమెరికా పద్ధతులెందుకు అనే పెద్దమనుషులు, ఆ తల్లి తర్వాత ఎవరన్న ప్రశ్నకు కూడా బదులివ్వాలి. తోడు దొరికితే అతను ఇల్లు వదిలి పోడు; ఆమె కొడుకుగానే ఉంటాడు, ఆమెకు నడుము నొప్పి మాత్రం తగ్గుతుంది.

అంత డబ్బు మనకెక్కడిదన్న అభ్యంతరం మాత్రం పూర్తిగా కొట్టిపారేయదగ్గది కాదు. అమెరికా అధ్యక్షుడు రీగన్ హయాంలో ఖర్చుల కోతలు వచ్చినప్పుడు గ్రాంట్ల మీద నడిచే అక్కడి కేంద్రాలకూ కష్టకాలం తప్పలేదు. అందుకే నేను కొత్త భవనాలు అడగడం లేదు. మండలాల్లో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం భవిత కేంద్రాలు ఇప్పటికే ఉన్నాయి. అక్కడ ఫిజియోథెరపీ చేయించుకున్న పిల్లలు బడి వయసు దాటగానే వెళ్లే చోటు లేకుండా పోతోంది. రెండు రాష్ట్రాలూ తలా ఒక పురపాలక సంఘాన్ని ఎంచుకుని, ఉన్న భవనంలోనే రెండు గదులు ఇచ్చి, సహాయకుల జాబితా, బండ్ల మరమ్మతు, వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్ మొదలు ఇంటి మార్పుల దాకా సలహా, ఈ మూడు పనులతో మొదలుపెట్టవచ్చు. డిగ్రీ చదివి ఖాళీగా ఉన్న వికలాంగ యువతీయువకులు ప్రతి పట్టణంలో ఉన్నారు, ఉద్యోగాలు వారికే ఇవ్వాలి. తీవ్ర వైకల్యం ఉన్నవారికి పింఛనుతో పాటు, సహాయకుడి కోసం రోజుకు కొన్ని గంటల వేతనం విడిగా కేటాయించాలి. ఆ మనిషిని ఎంచుకునే, మార్చుకునే అధికారం వికలాంగుడి చేతిలోనే ఉండాలి. కమిటీలో సగానికి మించి వికలాంగులు ఉండాలన్న షరతు ఉత్తర్వులోనే రాయాలి. అది రాయకపోతే ఏడాది తిరక్కుండానే కమిటీ నిండా స్థానిక నాయకుల పేర్లే ఉంటాయని ఊళ్ల సంగతి తెలిసిన ఎవరికైనా తెలుసు.

విభిన్న ప్రతిభావంతుల సంక్షేమ శాఖల అధికారులు ఈ ప్రతిపాదనపై తమ అభిప్రాయాన్ని మీ పత్రిక ద్వారానే తెలియజేయాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
తెనాలి