అమ్మకి, నాన్నగారికి

నాన్నగారికి నమస్కారాలు. అమ్మా, నేను బాగానే ఉన్నాను. గొంతు నీరసంగా ఉందన్నావు, జలుబు చేసిందంతే, తగ్గిపోయింది. రాత్రుళ్లు మేలుకుంటున్నానని బెంగ పెట్టుకోకు. మేం పరిశోధనకి పెంచే ఈ రెక్కల పురుగులు రాత్రిపూటే జతకడతాయి కాబట్టి వాటి గదిలో దీపాల వేళలు తిరగేసి పెడతాం. మన పగలు వాటికి రాత్రి. ఎర్ర దీపం వెలుగు వాటికి సరిగ్గా ఆనదు, మాకు ఆనుతుంది. నేను వేళకే పడుకుంటున్నాను.

పని ఎప్పటిలాగే ఉంది.

నాన్నగారూ, మీరు అడుగుతుండగానే లైను తెగింది. పచ్చపురుగు పత్తి తిన్నా శనగ తిన్నా ఆడపురుగు వాసనతో మగవాటిని రప్పించి పట్టే లింగాకర్షక బుట్టలో ఎర ఒకటే ఎందుకని కదా? ఆడపురుగు ఆ వాసనని ఆకులోంచి తీసుకోదు. ఒంట్లోని కొవ్వు ఆమ్లాలతో తానే తయారుచేసుకుంటుంది. 16 కార్బన్ల గొలుసులో ఒక జంట బంధం, కొసన ఆల్డిహైడ్ అనే చిన్న రసాయన భాగం. బంధం 11వ కార్బన్ దగ్గరున్నది నూటికి దాదాపు 97 పాళ్లు, 9వ దాని దగ్గరున్నది 3 పాళ్లు. దీని దాయాది ఒకటుంది, ఎక్కువగా పొగాకు, మిరప మీదే బతుకుతుంది. దానికీ ఇవే రెండు సరుకులు, పాళ్లు మాత్రం తలకిందులు. మగపురుగు ఆ పాళ్లని బట్టే తన జాతిదో కాదో తేల్చుకుంటుంది.

అలాగని మొక్కకి సంబంధం లేదనుకోకండి. మొక్కజొన్న కంకి తొలిచే అమెరికా పురుగులో ఆడది, కంకి పీచు వాసన తగిలేదాకా ఫెరోమోన్ (మగవాణ్ణి పిలిచే ఆ వాసన) తయారీ వాయిదా వేస్తుంది. పిల్లలకి తిండి దొరికే చోటు చూసుకున్నాకే మగవాణ్ణి పిలుస్తుందన్నమాట. ఆ పిలవడం దగ్గరనుంచి చూడాలి: వల తెరకి కరుచుకుని, రెక్కలు కాస్త ఎత్తి, తోక కొసనుంచి చిన్న మెత్తని ఉబ్బు బయటకి తోస్తుంది. గ్రంథి అదే. ఎంతసేపైనా కదలదు.

మన బుట్టల్లో మగవే పడతాయి, గుడ్లు పెట్టేది పొలంలోనే ఉంటుంది. మీ చిరాకు నాకు తెలుసు. ఆపిల్ కాయ తొలిచే పురుగు విషయంలో మాత్రం పండిన పియర్ పండు వాసనలోని ఎస్టర్ అనే ఒక రసాయనానికి ఆడవీ వస్తాయి. పచ్చపురుగుకి అంత తేలికైన దారి దొరకలేదు, చాలా పంటలు తింటుంది కదా.

పెదనాన్న "పురుగుల సరసాలు చూడ్డానికి అంత దూరం పోవాలా" అన్నాడట. అననీ. 1959లో జర్మనీలో బ్యూటెనాంట్ అనే రసాయన శాస్త్రవేత్త బృందం ఇలాంటి వాసనని మొదటిసారి విడదీయడానికి 5 లక్షల ఆడ పట్టుపురుగుల గ్రంథులు కోసింది. ఇరవై ఏళ్ల పని. ఇప్పుడు బుట్టలో పెట్టే రబ్బరు బిళ్ల ఆ దారినే వచ్చింది. ఆయనకి ఇదేమీ చెప్పకండి, మళ్లీ మాటామాటా పెరుగుతుంది.

అమ్మా, నీకు నచ్చేది ఒకటుంది. జనుము జాతి మొక్కలు తినే ఒక రంగుల పురుగు ఉంది. గొంగళిగా ఉన్నప్పుడే మొక్కలోని చేదు విషాన్ని ఒంట్లో దాచుకుంటుంది. పెద్దయ్యాక మగది ఆ విషంతోనే వాసన చేసి, కుచ్చులాంటి వెంట్రుకలు విప్పి ఆడదానికి చూపిస్తుంది. జతకట్టేటప్పుడు విషంలో కొంత ఆమెకిస్తుంది. ఆమె దాన్ని గుడ్లలోకి పంపుతుంది, చీమలు ముట్టకుండా. మగపురుగుల్లో ఇంత బాధ్యత నేను ఊహించలేదు.

ఈ మందుల వాసన ఒంటికి పడుతుందా అన్నావు. మనుషుల ముక్కుకి దాదాపు ఏమీ తెలియదు. స్పాంజీ మాత్ అనే, చెట్ల ఆకులు తినే పురుగు ఎరతో పనిచేసినవాళ్ల వెంట మగపురుగులు ఏళ్ల తరబడి పడ్డ మాట నిజమే, కానీ నేను పనిచేసేది దాంతో కాదు. గ్లవ్స్, కోటు అక్కడే వదిలేసి వస్తాను.

నాన్నగారూ, మిగిలిన ఎర బిళ్లలు ప్యాకెట్టు విప్పకుండా ఫ్రిజ్‌లో పెట్టించండి. ఒట్టి చేత్తో ముట్టుకోవద్దు. పచ్చపురుగు బిళ్ల పట్టుకున్న చేత్తోనే గులాబీ పురుగు బిళ్ల తగిలిస్తే రెండూ చెడతాయి.